ఐదులో నాలుగు గెలిచినా రేటింగ్ పడిపోయింది, క్లబ్ ర్యాంకింగ్ లెక్క ఎవరైనా చెప్తారా?

ప్లానో_బ్యాక్‌హ్యాండ్
నమస్కారం అందరికీ. డల్లాస్ పక్కన ప్లానోలో ఉంటాను, ఇక్కడి టేబుల్ టెన్నిస్ (టీటీ) క్లబ్‌లో శుక్రవారం లీగ్ ఆడుతున్నాను. ఆరుగురు ఒక గ్రూపు, అందరూ అందరితో ఆడాలి, బెస్ట్ ఆఫ్ ఫైవ్. పోయిన వారం నా రేటింగ్ 1420, గ్రూపులో నాదే ఎక్కువ. 1250, 1180, 1305, 1210 ఉన్నవాళ్ల మీద గెలిచాను, మూడు మ్యాచ్‌లైతే 3-0. 1330 ఉన్న ఒక చిన్న పాప మీద మాత్రం ఐదో గేమ్ 9-11తో పోయింది. మర్నాడు చూస్తే 1406! నాలుగు గెలిచి ఒక్కటి ఓడితే పాయింట్లు పెరగాలి కదండీ? ఎవరిని అడిగినా "సిస్టమ్ అంతే" అంటున్నారు తప్ప ఎలాగో చెప్పట్లేదు.

చాప్‌బ్లాక్
లెక్క సరిగ్గానే ఉందండీ. మీ క్లబ్ వాడేది అమెరికా టేబుల్ టెన్నిస్ సంఘం (యూఎస్‌ఏటీటీ) చార్ట్ అయ్యుంటుంది, వేసి చూశాను, కచ్చితంగా 14 పోతోంది. ఎన్ని గెలిచారన్నది అక్కడ లెక్కలోకి రాదు, ఎవరి మీద గెలిచారన్నదే చూస్తుంది. ఇద్దరి రేటింగ్‌కీ తేడా 12 లోపు ఉంటే ఎవరు గెలిచినా 8 పాయింట్లు చేతులు మారతాయి. తేడా పెరిగేకొద్దీ పెద్ద రేటింగ్ వాళ్లకి గెలిస్తే వచ్చేది తగ్గిపోతుంది, ఓడితే పోయేది పెరిగిపోతుంది. మీ విషయంలో 1305 మీద 3, 1250 మీద 2, 1210 మీద 1, 1180 మీద సున్నా (తేడా 238 గానీ ఆపైన గానీ ఉంటే ఏమీ రాదు, అదే ఓడితే మాత్రం 50 పోతాయి). మొత్తం 6. పాపతో తేడా 90, అక్కడ ఓడితే 20 పోతాయి. 3-0 కొట్టినా 3-2 కొట్టినా ఒకటే, స్కోరు చూడదు. మూలం చెస్ కోసం అర్పాద్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తయారుచేసిన పద్ధతే: మీరు గెలుస్తారని ముందే తెలిసిన మ్యాచ్ గెలిస్తే మీ గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు, అందుకే చిల్లర రాలుతుంది.

నల్లరబ్బరు_హైదరాబాద్
మా క్లబ్‌లో ఇవేవీ లేవు బ్రో, గోడ మీద వైట్‌బోర్డు, దాని మీద పేర్లు. మన పేరుకి వెంటనే పైనున్న ముగ్గురిలో ఎవరినైనా ఛాలెంజ్ చేయొచ్చు, గెలిస్తే వాళ్ల ప్లేస్ మనది, మధ్యలో ఉన్నవాళ్లు ఒక మెట్టు దిగుతారు. ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. చిక్కల్లా పైన కూర్చున్నవాళ్లతోనే, ఛాలెంజ్ అనగానే మోకాలి నొప్పి, ఆఫీసులో డెడ్‌లైన్... చివరికి వారంలోపు ఆడకపోతే వాకోవర్ (ఆడకుండానే ఓడినట్టు) అని రూల్ పెట్టాక గానీ బోర్డు కదల్లేదు. ఇంకో లోపం, మూడో ప్లేస్‌కీ నాలుగో ప్లేస్‌కీ మధ్య ఆటలో ఎంత దూరం ఉందో బోర్డు చెప్పదు. ఆ విషయంలో మీ నంబరే నయం.

టీటీ_నాన్న
వరల్డ్ ర్యాంకింగ్ కూడా ఇలాగే అనుకుంటారు చాలామంది, అది వేరే. అక్కడ ఏడాదిలో ఆడినవాటిలో ఎక్కువ పాయింట్లు తెచ్చిన ఎనిమిది టోర్నీలు కలుపుతారు, చిన్న ర్యాంకు వాళ్ల చేతిలో ఓడారని విడిగా కోత ఉండదు. కాకపోతే ఏడాది తిరగ్గానే ఆ పాయింట్లు పోతాయి. మన ఆకుల శ్రీజ 2024 జూన్‌లో నైజీరియాలోని లాగోస్‌లో వరల్డ్ టేబుల్ టెన్నిస్ (డబ్ల్యూటీటీ) కంటెండర్ టోర్నీ సింగిల్స్ గెలిచింది, అంత పెద్ద గెలుపైనా మరుసటి ఏడాది జూన్ దాటితే లెక్కలో ఉండదు, మళ్లీ ఆడి సంపాదించుకోవాల్సిందే. వాళ్ల మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఆలోచించండి.

ప్లానో_బ్యాక్‌హ్యాండ్
చాప్‌బ్లాక్ గారూ, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మరి తక్కువ రేటింగ్ ఉన్న పిల్లలతో ఆడటం నాకు నష్టమేగా? వాళ్లున్న గ్రూపులో పడితే ఆ వారం మానేయడం మంచిదా?

చాప్‌బ్లాక్
అలా మాత్రం చేయకండి, దయచేసి. కోచింగ్‌కి వెళ్లే పిల్లల ఆట వాళ్ల నంబర్ కంటే ఎప్పుడూ ముందుంటుంది, మన పాయింట్లు కొన్ని వాళ్లకి పోతేనే ఆ నంబర్ సరైన చోటికి చేరుతుంది. టోర్నమెంట్లలో ఎవరైనా ఒక్కసారిగా బాగా పైకి వెళ్తే ముందు వాళ్ల రేటింగ్ సరిచేసి, ఆ తర్వాతే ఎదుటివాళ్లకి లెక్క వేస్తారు. మీ లీగ్‌లో అది ఉందో లేదో నడిపేవాళ్లని అడగండి, లేకపోతే పెట్టమనండి. పెద్దవాళ్లు రేటింగ్ దాచుకోవడానికి మానేయడం మొదలైతే ఆ పిల్లలకి ఆడటానికి ఎవరు మిగులుతారు?

అసలు ఈ నంబర్ ఉన్నది మీకు సరిజోడు దొరకడానికే. పై గ్రూపులో ఖాళీ ఉంటే అడిగి చేరండి. అక్కడ అందరూ 1500 దగ్గర ఉన్నారనుకుందాం, మీ 1406తో మీరు ఓడితే పోయేది మ్యాచ్‌కి 4, గెలిస్తే వచ్చేది 20. నాలుగు ఓడి ఒక్కటి గెలిచినా నాలుగు పాయింట్లు పైకే వస్తారు.