నవల పూర్తయింది, అచ్చు కావడం లేదు. ఇంకా దీన్నే పట్టుకొని ఉండాలా?

కార్వేటినగరం కోడలు:
అందరికీ నమస్కారం. చిత్తూరు పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. సీజన్లో గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు రాత్రీ పగలూ వరసకట్టి ఉంటాయి. టోకెన్ జేబులో పెట్టుకొని ట్రాక్టరు కిందనే తువ్వాలు పరుచుకొని పడుకునే రైతుల్ని చూస్తా చూస్తా ఒక నవల రాసినాను. పోటీకి పంపితే బహుమతి రాలేదు. ఒక ప్రచురణకర్త చదివి, యాసంతా తీసేసి అచ్చు ఖర్చు మీరే పెట్టుకుంటే చూద్దామన్నారు. ఇంట్లో ఇంకెన్నాళ్లీ రాతలు అని అడుగుతా ఉండారు. నాకు ఆపాలని లేదు. దీన్నే దిద్దుకుంటా ఉండాలా, ఇంకోటి మొదలుపెట్టాలా?

బంగారుపాళ్యం బాబు:
అక్కా, పుస్తకం వస్తే మొదట కొనేది నేనే. మా నాయన ఆ వరసలో పడిగాపులు పడినోడే. లోడు దిగేలోపల కాయ మెత్తబడిపోతాదేమో అని రాత్రంతా లేచి తడిమి చూస్తాడు. ఆ భయం ఎవరన్నా రాయాల.

రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి:
అమ్మా, యాస మార్చొద్దు. మిగతావన్నీ దీని తర్వాతే. రచయిత నామిని సుబ్రహ్మణ్యం నాయుడు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మాటతోనే రాసి తెలుగువాళ్లందరి చేతా చదివించారు. ఉద్యోగం అడ్డమని కూడా అనుకోవద్దు. మన జిల్లాలో పుట్టిన కేశవరెడ్డి గారు నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూనే నవలలు రాశారు. మీకైతే ఆ ఉద్యోగమే వస్తువునిచ్చింది.

నా మొదటి నవలా తిరిగొచ్చిందే. దాన్ని బీరువాలో పెట్టి రెండోది మొదలుపెట్టాను. అది సగమయ్యాక పాతది తీస్తే, పరాయి మనిషి రాసినట్టు చదవగలిగాను. ముందున్న ఊరి చరిత్రంతా తీసేసి, పంచాయతీ జరిగిన రాత్రితోనే ఎత్తుకున్నాను. అచ్చయింది ఆ ప్రతే. మీరూ ఇంకోటి మొదలుపెట్టండి, దీన్ని మాత్రం వదలకండి. పోటీ ఫలితం గురించి మనసు పాడుచేసుకోకండి, అక్కడ ఉండేవే ఒకటో రెండో బహుమతులు.

డీటీపీ ఆపరేటర్, తిరుపతి:
మేడమ్, డబ్బు పెట్టే ముందు ఒక మాట. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వెబ్‌సైట్లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు, దానికని ఎవరైనా వేలు అడిగితే ఇవ్వొద్దు. ఒకేసారి వెయ్యి కాపీలు వేసి మంచం కింద పేర్చుకోవద్దు. డిజిటల్ ప్రింటింగులో 100, 200 కూడా వేస్తారు. కాపీకి కాస్త ఎక్కువ పడినా డబ్బు ఇరుక్కోదు.

ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసుంటే, అచ్చుకు వాడే ‘అను’ ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు గల్లంతవుతాయి. అందుకని మార్చాక ప్రింటు తీయించి, పెన్ను పట్టుకొని ప్రూఫు మీరే చూడండి. వేరే ఎవరికైనా ఇస్తే ‘ఉండాది’ని తప్పనుకొని ‘ఉంది’ చేసేస్తారు. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలకు అందాలంటే దసరాకల్లా ఫైలు మా చేతికి రావాల.

కార్వేటినగరం కోడలు:
సార్, రాత్రి కూర్చొని మొదటి అధ్యాయం మళ్లీ చదివినాను. తోట కొన్న కథ, అన్నదమ్ముల పంపకాలు అన్నీ అయినాకగానీ ట్రాక్టరు రోడ్డెక్కలేదు. అదంతా పక్కకు తీసి పెట్టినాను. యాస ముట్టుకోను.

బాబూ, మీ నాయనతో ఒకసారి మాట్లాడొచ్చా? కాయ మెత్తబడినప్పుడు గేటు దగ్గర ఏమని బేరమాడతారో ఆయన నోటితోనే వినాల.