అప్‌డేట్: స్పెల్‌చెక్‌కు దొరకని ఇంగ్లీషు పదాల గురించి

గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ పని చేస్తాను, కాలేజీ బ్రోషర్లలో 'ప్రిన్సిపల్' లాంటి పదాలు తారుమారైనా స్పెల్‌చెక్ ఎర్రగీత పెట్టడం లేదు, ఎలా పట్టుకోవాలి అని ఇంతకుముందు అడిగాను కదండీ. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పైకి చదవడం వీటికి పనిచేయలేదు, రెండు స్పెల్లింగులూ ఒకేలా పలుకుతాయి మరి. బాగా పనిచేసింది మాత్రం, అనుమానం ఉన్న జంటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, చివరి ప్రూఫ్‌కి ముందు ఒక్కోదాన్నీ ఫైండ్‌లో కొట్టి, దొరికిన ప్రతిచోటా ఆగి ఆ వాక్యంలో అర్థం చూసుకోవడం. ప్రిన్సిపల్‌లో చివర పి-ఏ-ఎల్ ఉంటే కాలేజీ పెద్ద, లేదా అప్పులో అసలు. పి-ఎల్-ఇ ఉంటే సూత్రం. స్టేషనరీలో ఇ-ఆర్-వై వస్తే పెన్నులూ కాగితాలూ, ఏ-ఆర్-వై వస్తే కదలకుండా ఉన్నది.

లైసెన్స్, ప్రాక్టీస్ దగ్గరే ఎక్కువ టెన్షన్. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకు ఎస్. అమెరికన్‌లో లైసెన్స్ రెండింటికీ ఎస్, ప్రాక్టీస్ రెండింటికీ సి. అందుకే ఏ పద్ధతి కావాలో పని ఇచ్చిన పార్టీని ముందే అడిగి జాబ్ కవరు మీద రాసేస్తున్నాను. 'ఎఫెక్ట్' జంట (ఏ-తో మొదలయ్యేది, ఇ-తో మొదలయ్యేది) ఇంకా సరిగ్గా పట్టు చిక్కలేదు, తేలికైన గుర్తు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.