అవ్వ దండలో 1911 రూపాయి: కొండి అతికిన మచ్చ ఉంటే విలువ పోయినట్టేనా?

పుత్తూరు కుర్రోడు:
మా అవ్వ దండలోని వెండి రూపాయి ఇది. 1911, అయిదో జార్జి బొమ్మ. కొండి ఎప్పుడో ఊడిపోయింది, అతికిన మచ్చ మాత్రం కిరీటం పైన గట్టిగా ఉండాది. నల్లబడిందని అమ్మ పోయిన వారం చింతపండేసి తోమింది. కంసాలి కాటాలో 11.58 గ్రాములు తూగింది. తిరపతిలో ఒక అంగట్లో వెండి రేటే ఇస్తామన్నారు. ఇంకొకాయనేమో ఫోన్లో ‘ఇది పంది రూపాయి, లక్షలు పలుకుతుంది’ అంటాడు. ఎవురి మాట నమ్మాల?

కొర్లగుంట పెద్దాయన:
లక్షల మాట మర్చిపో నాయనా. అట్లని వెండి రేటుకు ఇచ్చేయొద్దు.

కొత్తలో ఈ రూపాయి 11.66 గ్రాములు, సరిగ్గా తులం. వెండి నూటికి 91.7 పాళ్లు. ఇన్నేండ్ల అరుగుడుకు 11.58 మంచి తూకమే. అంచు గాట్లు చుట్టూ వేలితో తడిమి చూడు. పోత పోసిన దొంగ నాణేనికి అక్కడే అతుకు గీత దొరుకుతుంది.

రాజు అంగీ మీది గొలుసులో చిన్న ఏనుగుంది. 1911లో దాని తొండం పొట్టిగా చెక్కినారు, పంది మాదిరి కనపడిందని జనం గొడవ చేసినారు. వాటిని వెనక్కి తీసుకొని చాలావరకు కరిగించినారు. 1912 నుంచి ఏనుగును సరిగ్గా చెక్కినారు. అందుకే 1911కు గిరాకీ. అయినా మరీ దొరకని నాణెమేం కాదు.

గ్రేడు, అంటే నాణెం ఎంత బాగుందో లెక్క కట్టేటప్పుడు మెరుపు చూడొద్దు. కిరీటం ముత్యాలు, చెవి, అంగీ మీది కుట్టుపని ఎంత మిగిలినాయో చూడు. తరవాత ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా తిప్పు. అరగని, తోమని దాంట్లో వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. తోమిన దాంట్లో వెంట్రుకవాసి గీతలు తేలతాయి. 1988లో ఒక 1862 రూపాయిని పళ్లపొడితో తోమి పాడుచేసుకున్నా, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

అరుగుడు తప్పు కాదు, అది వయసు. అతుకు, తోముడు దెబ్బలు. 70 దాకా అంకెలిచ్చే గ్రేడింగువాళ్లు ఇట్లాంటి వాటికి అంకె వెయ్యరు, ‘డీటెయిల్స్’ అని, అంటే దెబ్బతిన్న నాణెమని మాత్రం రాస్తారు. నీ దాంట్లో అసలు వెండి దాదాపు 10.6 గ్రాములు. అమ్మే రోజు వెండి ధర కట్టి, దానిపైన కొంచెం అడుగు.

చిత్తూరు షరాబు మనవడు:
అన్నా, ఆ మచ్చను కంసాలి చేత గీకించేస్తే?

కొర్లగుంట పెద్దాయన:
వద్దబ్బా! మచ్చతోపాటు కిరీటమూ పోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో కూడా పెట్టొద్దు, పీవీసీ అయితే పచ్చటి జిగురు పడుతుంది. పొడి కాగితంలో చుట్టిపెట్టు. కుర్రోడా, వెనకవైపు అడుగున తామరపువ్వు కింద చుక్క ఉందా? ఉంటే బొంబాయి టంకశాల, లేకుంటే కలకత్తా.

పుత్తూరు కుర్రోడు:
భూతద్దం పెట్టి చూసినా సార్. చుక్క ఉంది. ఏనుగు తొండం పొట్టిదే. అవ్వ దీన్ని ఎప్పుడూ ‘ఏనుగుబిళ్ల’ అనే పిలిచేది, ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆదివారం పొద్దున ఎండలో ఫోటోలు తీసి పెడతా.