ఎత్తు ఎక్కేటప్పుడు ఎలక్ట్రిక్ బండి టక్కున ఆగిపోతోంది, ఎందుకంటారు?

నాన్న పాత వంద సీసీ బండికి ఇంజిన్ తీసేసి 3 కిలోవాట్ల మోటారు పెట్టాను. 20 వరుసల సెల్స్ సిరీస్‌లో కలిపిన లిథియం బ్యాటరీ, ఫుల్ ఛార్జింగ్‌లో 84 వోల్టులు. బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్ బోర్డు) 60 ఆంపియర్లది, మోటారుకి కరెంటిచ్చే కంట్రోలర్‌ని 45 దాటకుండా సెట్ చేశాను. చదును మీద హాయిగా పోతుంది. బంజారాహిల్స్‌లో మా గల్లీ ఎత్తు ఎక్కితే, అదీ వెనకాల తమ్ముడు కూర్చుంటే, సగంలో పవర్ కట్. అప్పుడు మీటర్‌లో 68 వోల్టులు ఉంటుంది, అంటే సెల్‌కి సగటున 3.4. బీఎంఎస్ పవర్ ఆపేసే కటాఫ్ సెల్‌కి 3.0 కదా! రెండు నిమిషాలాగి కీ తిప్పితే మళ్లీ మామూలే.

ఏదో ఒక వరుస సెల్స్ బలహీనపడ్డాయా, లేక స్పాట్ వెల్డింగ్ వదులైందా? కోఠిలో ఒక షాపతను బీఎంఎస్ మార్చేయమన్నాడు, నాకైతే నమ్మకం కుదరలేదు. (ఆర్టీఏ అనుమతి లేకుండా మెయిన్ రోడ్డెక్కనని అమ్మకు మాటిచ్చాను, ఆ క్లాసు మాత్రం వద్దు.) లోడ్ మీద ఒక్కో వరుస వోల్టేజీ షార్ట్ కాకుండా ఎలా కొలవాలి అన్నా?