ఊరుగాని ఊళ్ళో ఉన్న ఆవిడకి ఇంటి కబురు దాచొచ్చా?

టెక్కలి బావ
మా ఆవిడ సీఆర్పీ, అంటే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్. డ్వాక్రా సంఘాలు పెట్టించడానికి మన దగ్గర్నుంచి బీహార్ పల్లెలకి వెళ్ళే బృందాల్లో తనూ ఒకతె. వెళ్తే నెలా నెలన్నర దాకా రాదు. ఇప్పుడు గయ వైపు ఉంది. సోమవారం పొద్దున్న మా అత్త నూతి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళం తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. "అప్పకి చెప్పకు బావా, వచ్చాక చెబుదాం" అని బామ్మర్దులిద్దరూ పట్టుబట్టారు.

రాత్రి తొమ్మిదింటికి ఫోనొచ్చింది. రోజూ అడిగేదే అడిగింది: "అమ్మ అన్నం తిన్నాదా?" నేను వార్డు బయట నిలబడి ఉన్నాను. చిన్న బామ్మర్ది ఎదురుగా వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అప్పట్నుంచి వాళ్ళు నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది సరైన పనే అని నా నమ్మకం. కన్నతల్లి కబురు కూతురికి చెప్పాలా వద్దా అని తేల్చడానికి మేమెవరం? మీరేమంటారు?

విజయనగరం పెద్దాయన
బాబూ, నీ మనసు మంచిదే. కానీ ఆ అమ్మాయి అక్కడ ఏం చెయ్యగలదు? గయ నుంచి హౌరా రావాలి, అక్కడ బండి మారి ఆమదాలవలసలో దిగాలి. తత్కాల్ ముందురోజే తెరుస్తారు, స్లీపర్‌కైతే పదకొండింటికి. అందాకా రాత్రంతా కంటిమీద కునుకుండదు. మా రోజుల్లో చావు కబురు ఉత్తరంలో వస్తే చదివి అక్కడికక్కడే చింపేసేవాళ్ళం. చెడ్డ వార్తకి ఒక వేళ, ఒక పద్ధతి ఉండేవి. "ఒంట్లో కాస్త నలతగా ఉంది, ఒకసారి వచ్చి వెళ్ళమ్మా" అంటే సరిపోయేది.

పలాస సిస్టర్
పెద్దాయన గారూ, మన్నించండి, ఈ విషయంలో మీతో ఏకీభవించలేను. నేను ఆర్థో వార్డులో నర్సుని. తుంటి విరిగిన ముసలివాళ్ళకి వీలైతే 48 గంటల్లోపే ఆపరేషన్ చెయ్యాలని డాక్టర్లు చూస్తారు. మంచం మీద ఎన్నాళ్ళు ఉంటే అంత ప్రమాదం: పుండ్లు పడతాయి, నెమ్ము చేస్తుంది, కాళ్ళలో రక్తం గడ్డ కడుతుంది. ఆపరేషన్‌కి ముందు మేము అడిగే మొదటి ప్రశ్న, ఏ మందులు వాడుతున్నారు అని. కొడుకులు మొహమొహాలు చూసుకుంటారు. "తెల్ల మాత్ర ఒకటి, గులాబీ రంగుది ఒకటి" అంటారు. అందులో రక్తం పల్చబరిచేది ఉందంటే ఆపరేషన్ వేళే మారిపోవచ్చు. ఆ సంగతి తెలిసేది చాలా ఇళ్ళల్లో కూతురికే. ఆమెకి కబురు దాచితే నష్టం మంచం మీద ఉన్న మనిషికే.

బొబ్బిలి సీఆర్పీ
నేనూ ఇదే పని చేశాను, ఉత్తరప్రదేశ్‌లో. మా చిన్నదానికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో ఉంటే మా ఆయన "అంతా బాగుంది" అంటూ వచ్చాడు. నాకెలా తెలిసిందంటే, పక్కింటావిడ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫొటో చూసి. పిల్ల చేతికి సెలైన్ సూది. దాని కింద "త్వరగా కోలుకోవాలి తల్లీ" అని. ఊరందరికీ తెలిసింది, కన్నదానికి తెలియలేదు. పిల్ల లేచి తిరిగింది. కానీ ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా, "అంతా బాగుంది" అని మా ఆయన నిజంగానే అన్నా నాకు గుండె దడే. ఇంకోమాట. మగవాడు దూరాన ఉంటే గంటలో ఫోన్ చేస్తారు, "నువ్వు రావాలి" అంటారు. ఆడది వెళ్తే తట్టుకోలేదని దాస్తారు. ఇదెక్కడి న్యాయం?

ఎచ్చెర్ల తీరం
మావాళ్ళు వేటకి గుజరాత్‌లోని వేరావల్ వెళ్తారు. 2018 చివర్లో అక్కడ పాకిస్తాన్‌కి పట్టుబడ్డ మన ఉత్తరాంధ్ర జాలర్లు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. అన్నాళ్ళు ఇంట్లో ఏం జరిగినా మనసు విప్పి వాళ్ళతో చెప్పుకోడానికి వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి దారే లేదు. చేతిలో ఫోన్ ఉంచుకుని దాచడం నాకు అర్థం కాదు.

విజయనగరం పెద్దాయన
నర్సమ్మ మందుల సంగతి చెప్పింది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా మనిషిని బట్టి చెప్పాలి. టెక్కలి బాబు భార్య గట్టి మనిషి కావచ్చు. అందరూ అలా ఉండరు. ఒంటరిగా రైల్లో వచ్చేవాళ్ళ సంగతి ఆలోచించండి.

టెక్కలి బావ
పెద్దాయన గారూ, సగం చెబితే దారి పొడవునా ఆమె తల్లి పోయిందనే అనుకునేది. మొత్తం చెప్పాను కాబట్టే ముందు మందుల పేర్లు చెప్పింది. తర్వాత "తమ్ముళ్ళు డబ్బు కోసం ఆగుతున్నారా?" అని నిలదీసింది. అదీ నిజమే. ఆరోగ్యశ్రీ కార్డు ఏ పెట్టెలో ఉందో కూడా తనే చెప్పింది. వెంటనే బయల్దేరలేదు. "ఆపరేషన్‌కి మీరున్నారు. లేచి నడిపించేటప్పుడు మనిషి కావాలి, అప్పటికొస్తాను. ఇక్కడ సంఘం ఖాతా తెరిపించాలి" అంది. ఆ నిర్ణయం తనది. నేను దాచి ఉంటే తన తరఫున మేం నిర్ణయం తీసుకున్నట్టే కదా?

బొబ్బిలి సీఆర్పీ
మనిషిని బట్టి అంటే ఆ మనిషినే అడగండి, బండి ఎక్కకముందే. ఇప్పుడు మా ఇంట్లో అలాగే చేస్తున్నాం. ఆసుపత్రి మెట్లెక్కితే, ఎవరైనా పోతే, పిల్లలకి జ్వరం వస్తే ఆ రాత్రే చెప్పాలి. తోడికోడళ్ళ గొడవలు, చీటీ బాకీలు నేను వచ్చాక.