సైకిల్ తొక్కేటప్పుడు వాచ్ చూపించే కేలరీలు నమ్మొచ్చా?

ప్రశ్న: రోజూ ఒకే దారిలో గంటసేపు తొక్కుతాను, వాచ్ మాత్రం ఒకరోజు 380 కేలరీలంటుంది, ఇంకోరోజు 560. ఎత్తు ఎక్కుతూ రొప్పుతున్నా హార్ట్ రేట్ 95 దాటదు. ఈ లెక్క చూసుకునే తింటున్నాను కాబట్టి టెన్షన్‌గా ఉంది. వాచ్ పాడైందా?

జవాబు 1: పాడై ఉండకపోవచ్చండి. వాచ్ చర్మం మీద ఆకుపచ్చ కాంతి వేసి రక్తప్రవాహంలో తేడాలు చూస్తుంది, కానీ హ్యాండిల్ గట్టిగా పట్టుకుని మణికట్టు వంచితే, దానికి రోడ్డు కుదుపులు కూడా తోడైతే ఆ సిగ్నల్ చెడిపోతుంది. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, కదలకుండా బిగించి చూడండి. సైక్లింగ్ మోడ్ పెట్టారా? బరువు, వయసు సరిగ్గా ఇచ్చారా?

జవాబు 2: నాకూ ఇదే బాధ ఉండేది, ఛాతీకి కట్టుకునే స్ట్రాప్ కొన్నాక పోయింది. అది గుండె విద్యుత్ సంకేతాలనే పట్టుకుంటుంది కాబట్టి వేగం ఒక్కసారిగా పెంచినా వెంటనే చూపిస్తుంది. చాలా వాచ్‌లకు బ్లూటూత్‌తో కలుస్తుంది.

జవాబు 3: స్ట్రాప్ పెట్టినా కేలరీలు అంచనాయే. ఎండ, నిద్రలేమి, కాఫీ వల్ల కూడా గుండె వేగం పెరుగుతుంది, వాచ్ దాన్నీ శ్రమ కింద కలిపేస్తుంది. పవర్ మీటర్ (పెడల్ తొక్కడానికి మీరు పెట్టే శక్తిని కొలిచే పరికరం) ఉంటే అది చూపే కిలోజౌళ్లు దాదాపు ఖర్చైన కేలరీలతో సమానం. లేకపోతే వాచ్ చెప్పినదంతా తినేయకండి, వారాల సగటు బరువు చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: బరువు పాతదే ఉంది, 9 కిలోలు తేడా! మార్చాను, రేపు బిగించి కట్టుకుని చూస్తా.