గ్రానైట్ బ్రోచర్‌కి, గేటు ఫ్లెక్సీకి ఒకే ఫైల్ పనికొస్తుందా?

చీమకుర్తిలో మా బాబాయి వాళ్లకి గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఏ4 సైజు బ్రోచర్, గేటు దగ్గరికి 10 అడుగుల వెడల్పు ఫ్లెక్సీ కావాలన్నారు. డిజైన్ నేను చేస్తున్నాను, ప్రింటింగ్ ఒంగోలులో.

లోగో ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీశాను, ఎస్‌వీజీ ఫైల్ ఉంది. అది వెక్టర్, అంటే పిక్సెళ్లతో కాకుండా గీతల లెక్కలతో ఉండే బొమ్మ. ఎంత పెంచినా అంచు చెదరదు, దాంతో గొడవ లేదు. చిక్కంతా స్లాబ్ ఫోటోలతోనే. గెలాక్సీ రాయి తెలుసుగా, నలుపు మీద బంగారు చుక్కలు. జేపెగ్‌లో క్వాలిటీ కాస్త తగ్గించి సేవ్ చేస్తే ఆ చుక్కల చుట్టూ మసక మచ్చలు వస్తున్నాయి. చూసినవాళ్లు రాయికే పాలిష్ సరిగా లేదనుకుంటారు! పోనీ ఫోటోని సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా ట్రేస్ చేసి వెక్టర్‌గా మారిస్తే వేలకొద్దీ ముక్కలై కంప్యూటర్ కదలట్లేదు, పైగా రాయి రాయిలా లేదు.

ఏ4కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 2480 × 3508 పిక్సెళ్లు చాలు, ఫోటోలు అంతకన్నా పెద్దవే. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు కదా, 72 డీపీఐ పెడితే చాలదా? అదైనా 8640 పిక్సెళ్ల వెడల్పు అవుతుంది.

ఫోటోలు క్వాలిటీ తగ్గకుండా దాచే టిఫ్ ఫార్మాట్‌లో పెట్టి, లోగో, అక్షరాలు వెక్టర్‌గానే ఉంచి, అంతా కలిపి పీడీఎఫ్ ఇద్దామని నా ఆలోచన. ప్రెస్ అతను మాత్రం "మొత్తం జేపెగ్ చేసి వాట్సాప్‌లో పెట్టేయన్నా" అంటున్నాడు. అలా చేస్తే చిన్న అక్షరాల్లో ఒత్తులు అలుక్కుపోవా? నాకదే టెన్షన్.

తెలుగు ఫాంట్‌ని పీడీఎఫ్‌లోనే ఎంబెడ్ చేస్తే (లోపలే కలిపేస్తే) సరిపోతుందా, అక్షరాల్ని కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చాల్సిందేనా? ఫ్లెక్సీలు వేయించిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. శుక్రవారం లోపు ఫైల్ ఇవ్వాలి.